జెండా దాకా పరిచిన చీర

ఈ పొద్దున మా కాలనీలో జెండా పండుగకు వెళ్లి, చేతిలో పెట్టిన లడ్డూ తినకుండా తిరిగి వచ్చాను. వాకిట్లో చీమలకు వేశాను. తీపి పడక కాదు. కోపం వస్తే నాకు ఏదీ గొంతు దిగదు. చిన్నప్పటి నుంచీ అంతే.

జరిగింది వరసగా చెబుతాను. ట్రెజరీలో లెక్కలు చూసి రిటైరైన మనిషిని, వరస తప్పితే నాకు నచ్చదు. మా కాలనీ గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే ఒకామె ఉంది. ఎల్దుర్తి వైపు నుంచి మెదక్‌కు వచ్చి బతుకుతున్న మనిషి. నిన్న సాయంత్రం కాలనీ అధ్యక్షుడు జెండా తెచ్చి ఆమె బండి మీద పడేసి, "దేశం పని, పైసలడుగకు" అని నవ్వి పోయాడు. ఆమె ముడత అన్నది లేకుండా ఇస్త్రీ చేసింది. నేను దగ్గరుండి చూశాను. ఈ పొద్దున అదే అధ్యక్షుడు ఆమె దగ్గరికి వెళ్లి, "బండి జర గా మూలకు నూకు. ఫొటోల అడ్డమొస్తది" అన్నాడు. మూల అంటే చెత్తకుండీ పక్కన. బొగ్గులు మండుతున్న ఇస్త్రీపెట్టెను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బండిని తోసుకుంటూ ఆమె అక్కడికి పోయింది.

ఆ తరువాత ఒక బడిపిల్ల మైకు ముందు నిలబడి రాజ్యాంగ పీఠిక చదివింది. స్వేచ్ఛ, సమానత్వం, మనిషి గౌరవం, అన్నిటినీ ఎక్స్‌ప్రెస్ బస్సు చిన్న ఊళ్లను దాటినట్టు దాటేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను అధ్యక్షుణ్ణి పిలిచి అడిగాను. "ఆమె బండి ఎందుకు జరిపిచ్చినవ్?"

"అమ్మా, పెద్దోళ్లు మీరు, కూసోండ్రి. గదేం పెద్ద ముచ్చట గాదు. ఫొటో పేపర్లకు పోవాలె."

"ఆమె ఉంటె పేపరోళ్లు ఏస్కోరా?"

ఆయన పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. ఎనభై దాటిన ఆడమనిషి ఏది అడిగినా జనానికి నవ్వే వస్తుంది. నేను చెత్తకుండీ దగ్గరికి నడిచి వెళ్లి ఆమెనే అడిగాను. "నీకు కోపం రాలేదా బిడ్డా?"

"కోపమొస్తె ఏం జేద్దునమ్మా? రేపు నా బండి మల్ల గీ గేటుకాడ్నే నిలువాలె గద."

ఆ మాట మా నాయిన మాట. అక్షరం మారలేదు. ఆయన బండి అనలేదు, రేవు అన్నాడు, అంతే తేడా. అందుకే ఇంటికి వచ్చి కాగితం ముందు వేసుకుని కూర్చున్నాను. ఏ ఏడు, ఏ నెల, ఏ వారం అన్నది నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. తారీఖు వేస్తే ఎప్పుడో అయిపోయిన సంగతి అనుకుని పక్కన పెడతారు.

మేం చాకలివాళ్లం. ఇప్పుడు మర్యాదగా వేరే మాట వాడుతున్నారు, మంచిదే. అప్పుడు మర్యాద అవసరమని ఎవరికీ తోచలేదు. మా ఊరు హవేలిఘనపూర్ వెళ్లే దారిలో, చెరువు కట్టకు ఆనుకుని ఉండేది. ఇప్పుడక్కడ ప్లాట్లు చేసి రాళ్లు పాతారు. రేవు ఎక్కడుండేదో చూపించమంటే నేను చూపించగలను, కానీ అడిగేవాళ్లు లేరు.

మా వైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ ఒంటి మీద ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి. మురికి తీసే సౌడు మన్ను, తడిబట్ట, గంజి. బట్టలకు సౌడు పట్టించి పెద్ద బానలో ఉబ్బకు వేస్తే వచ్చే ఆవిరిలో నేను ముఖం పెట్టి నిలబడేదాన్ని. కళ్లు మండేవి, అయినా ఆ వాసన నాకు ఇష్టం. చలికాలం పొద్దున ఊరందరి కంటే వెచ్చగా ఉన్నది మేం పిల్లలమే. ఉతికే ముందు దొరసాని చీరను నేను చుట్టుకుని, రేవు బండ మీద కూర్చుని, గాడిదను "ఏయ్, పంకా ఇసురు" అని గదమాయించేదాన్ని. అవ్వ చూస్తే తడిబట్టతో వీపు మీద ఒకటి ఇచ్చేది. ఒక్కోసారి చూడనట్టు ఊరుకునేది.

రాత్రికి అన్నం అడగడానికి గంప, కుండ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఊరి బట్టలు ఉతికినందుకు రోజూ ఇంటికింత బువ్వ, పంట నాడు ఇంత ధాన్యం, అది మా వాటా. అన్ని ఇళ్ల పప్పులూ పులుసులూ ఒకే కుండలో కలిసేవి. ముద్ద నోట్లో పెట్టుకుని ఇది ఎవరింటి చింతపండు, ఇది ఎవరింటి మాడు అని మేం పిల్లలం పందేలు వేసుకునేవాళ్లం. నేనే గెలిచేదాన్ని. ఆ కలగలుపు కూర రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు. దొరకనందుకు బాధపడాలో సంతోషించాలో ఈ రోజుకీ నాకు తేలలేదు.

గడి మాత్రం ఏమీ ఇచ్చేది కాదు. గడి అంటే దొర ఉండే పెద్ద కోట లాంటి ఇల్లు. అక్కడి మాసిన బట్టల మూట అందరికంటే పెద్దది, దానికి బువ్వ లేదు, ధాన్యం లేదు. దాన్నే వెట్టి అనేవారు. దొర రాత్రిపూట ప్రయాణమైతే బండి ముందు మా నాయిన దివిటీ పట్టుకుని పరుగెత్తాలి. గడిలో కాన్పు అయితే ఆ బట్టలు అవ్వ ఉతకాలి. మా తమ్ముడు పుట్టిన వారంలోనే గడి నుంచి మూట వచ్చింది. పచ్చి బాలింత నడుం కట్టుకుని రేవులో దిగింది. దొర ఏ పెళ్లికో పండక్కో నడిచి వస్తే ఆయన కాలికి మన్ను అంటకుండా నేల మీద బట్టలు పరచాలి. దానికి నడపావడ అని ఒక అందమైన పేరు పెట్టారు. దేవుడి ఊరేగింపుకు చేసే మర్యాద అది. దొరకూ అదే.

రాజ్యం మారిన సంగతి ఊళ్లో అందరికంటే ముందు మాకు తెలిసింది. గడి మూటలో షేర్వానీలు రావడం ఆగిపోయింది. దొర పట్నం వెళ్లి కొన్నాళ్లు దాక్కుని తిరిగి వచ్చాడు, ఆ వారం మూటలో ఖద్దరు ధోవతి, ఖద్దరు టోపీ. అవ్వ టోపీని వేలికి తగిలించి తిప్పి చూసింది.

"నిజాం పోయినట్టున్నడు. దొర తల మారింది" అంది.

"తల మారలేదే, తలగుడ్డ మారింది" అన్నాడు నాయిన. ఆయన జోకులు అంతే, మెల్లగా వేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకునేవాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే పంచాయితీ. వెట్టి లేదంటున్నారు, ఫలానా ఊళ్లో మానేశారంటున్నారు, మనమూ గడి మూట ఎత్తుకోవడం మానేద్దాం అని అవ్వ. వద్దని నాయిన. ఆయనకు పిరికితనం అని నేను ఎన్నో ఏళ్లు అనుకున్నాను. కాదు, ఆయన చెప్పిన లెక్క సరైనదే. "చెరువు దొరది. కట్ట దొరది. రేపు మన బట్ట గీ రేవులనే తడువాలె గదనే" అనేవాడు. అవ్వ బానలో కట్టెతో కలుపుతూ ఉండేది. పొద్దున లేచి గడి మూట ఎత్తుకునేది. ఎత్తుకునేటప్పుడు మాత్రం ఆమె ముఖం చూడలేకపోయేవాళ్లం.

ఊళ్లో మొదటిసారి జెండా ఎగరేస్తారని దండోరా వేశారు. ఎగరేసేది దొర. నిన్నటి దాకా నిజాముకు నజరానా మోసిన మనిషే ఈ రోజు స్వాతంత్ర్యానికి పెద్ద. ఎవరూ ఇదేమని అడగలేదు. వానాకాలం, బండి మీద పట్నం నుంచి తెస్తుంటే జెండాకు బురద పడింది. గడి మున్షీ దాన్ని మా గుడిసె ముందు పడేసి, "పొద్దుగాల్ల తెల్లగ మెరవాలె. దొర ధోతి లెక్క నిలవడాలె" అని పోయాడు.

అవ్వ అంతకు ముందు జెండాను దగ్గరగా చూడలేదు. రంగు పోతుందని ఉబ్బలో పెట్టలేదు. చల్లనీళ్లలో, మెల్లగా, పసిపిల్లకు పోసినట్టు జాడించింది. తరువాత తప్పు చేసింది. చాకలివాళ్లు తప్ప ఎవరూ చేయని తప్పు. దొర ధోవతిలా నిలబడాలన్నారు కదా అని, ధోవతికి పెట్టే చిక్కటి గంజి జెండాకు పెట్టింది. గాలికి ఎగిరే బట్టకు గంజి ఉండకూడదని మాకు ఎవరు చెప్పారు? మాకు తెలిసినంత వరకు పెద్దమనుషుల బట్ట అంటే అట్ట లాగా నిలబడాలి. వానముసురుకు అది సరిగ్గా ఆరలేదు. ఆ చెమ్మతోనే మడత పెట్టి, మడతలో బంతిపూల రేకులు వేసి మున్షీ పట్టుకుపోయాడు.

పండుగ చావడి ముందు. మా నాయినకు, అవ్వకు చెప్పిన పని, చావడి ఆవరణ గేటు నుంచి జెండా గద్దె దాకా నడపావడ పరచడం. రాత్రి వాన పడి నేలంతా బురద. గడి ధోవతులు పరుచుకుంటూ వస్తే గద్దెకు కొంచెం ఇవతలే అయిపోయాయి. "ఇంట్ల ఏమున్నదో తే" అన్నాడు మున్షీ. ఇంట్లో ఉన్నది అవ్వ పెళ్లిచీర. నారింజ రంగు, ఎర్రంచు. ఏటా ఒకసారి కట్టి, ఉతికి, వేపాకు వేసి దాచేది. నాయిన పరుగెత్తి తెచ్చాడు. అవ్వ దాన్ని బురదలో పరిచి, అంచు సరిచేసి, వెనక్కి వెళ్లి గేటు బయట నిలబడింది. మా వాళ్ల చోటు గేటు బయటే. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

దొర తెల్లటి ఖద్దరులో, కిర్రు చెప్పులతో నడిచి వచ్చాడు. అవ్వ చీర మీద ఆయన మడమలు దిగబడ్డాయి. గద్దె ఎక్కి తాడు లాగాడు. మడత పైకి పోయింది, అక్కడే ఆగింది. మళ్లీ లాగాడు. గంజికి మడతలు అతుక్కుపోయి జెండా పైన చిన్న పలక లాగా కూర్చుంది. ఒక్క పూరేకు కూడా రాలలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవలుతికిండ్రు దీన్ని?" అని దొర అరిచాడు. జెండా కిందికి దింపారు. "ఏయ్ చాకలిదానా, ఇటు రా! ఏం జేసినవే?"

"బాంచెన్ దొరా, తెల్వక జేసింది" అంటూ నాయిన అడ్డం పోయాడు. అవ్వ ఆయనను పక్కకు జరిపి లోపలికి నడిచింది. తన చీర మీద కాదు, పక్కన బురదలో నడిచింది. జెండా చేతిలోకి తీసుకుంది. అతుక్కున్న బట్టను విడదీయడానికి మా వాళ్లకు ఒకటే పద్ధతి తెలుసు. ముంతలో నీళ్లు నోట్లో పోసుకుని, బుస్సుమని తుంపరగా ఊదింది. ఇస్త్రీకి ముందు ఏ బట్టనైనా అలాగే తడిపేవాళ్లు.

"నా జెండాను ఎంగిలి జేసినవ్ గదనే!" అని దొర చెయ్యెత్తాడు.

నా జెండా అన్నాడు. నేను చెవులారా విన్నాను.

అప్పుడు గుంపు వెనక నుంచి, ఎవరో కనబడకుండా, ఒక ముసలి గొంతు లేచింది. "మీ ధోతి గూడ గట్లనే తడుపుతది దొరా! రోజు ఎంగిలి ధోతే గడుతున్నరు!"

జనం అంతా ఒక్కసారి నవ్వారు. దొర చెయ్యి దిగింది. అవ్వ మడతలు ఊడదీసి, దులిపి, రాలిన పూరేకులు ఏరి లోపల వేసి, మళ్లీ మడిచి ఇచ్చింది. ఈసారి జెండా ఎగిరింది. పూరేకులు అవ్వ తల మీద పడ్డాయి, ఎందుకంటే గద్దె కింద ఉన్నది ఆమే. ఆమెను బయటికి పొమ్మనడం ఆ గోలలో అందరూ మరిచిపోయారు.

అందువల్లే ఆమె ఆ కాగితం వినగలిగింది. నర్సాపూర్ నుంచి కొత్తగా వచ్చిన బడిపంతులు, సన్నటి మనిషి, తాలూకా కచేరి నుంచి వచ్చిన ప్రకటన చదివాడు. దొర వైపు చూస్తూ గబగబా చదివాడు. దేశం స్వతంత్రమైందని, ఇక్కడ పుట్టిన మనుషులందరూ సమానమని, ఎవరి చేతా బలవంతాన కూలి లేకుండా పని చేయించుకోకూడదని అందులో ఉంది.

"సారూ" అంది అవ్వ. "గది మల్లొక్కపారి సదువుండ్రి."

"ఏది?"

"గదే, కూలియ్యక పని జేపిచ్చుకునుడు లేదన్నరు గద. గది."

"ఒక్కపారి సదివిండు, సాలు" అన్నాడు దొర.

"నాకు ఇనరాలే దొరా."

పంతులు గొంతు సవరించుకున్నాడు. మళ్లీ చదివాడు, ఈసారి నిదానంగా.

"గిది ఆడోళ్లకు గూడనా సారూ?"

"అందరికి అని ఉన్నది."

"సాకలోళ్లకు?"

"అందరికి అంటె అందరికే అమ్మా."

అవ్వకు అర్థంకాక అడగలేదు. ఊరంతా వినాలని అడిగింది. ఊరు విన్నది.

ఆమె వంగి, గద్దె వైపు కొసను పట్టుకుని తన చీరను చుట్టడం మొదలుపెట్టింది. గడి ధోవతులను ముట్టుకోలేదు. ఎవరివి వాళ్లకు.

"ఏయ్, ఏం జేస్తున్నవే?"

"నా చీర నేను దీసుకుంటున్న."

"మరి నేనెట్ల నడువాలె?"

"మేం నడిచినట్లనే."

దొర గద్దె మీద ధోవతి కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్నాడు. తరువాత దిగాడు. ఒక చీర పొడుగు బురదలో నడిచి తన ధోవతుల మీదికి ఎక్కాడు. ఇందాక వెనక నుంచి నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వలేదు. మరుసటి పొద్దున గడి మూట వచ్చింది. అవ్వ దాన్ని ముట్టుకోలేదు. సాయంత్రం దాకా మా గుడిసె ముందే ఉంది, కోళ్లు ఎక్కి తిరిగాయి. మాపటికి మున్షీ వచ్చి మోయించుకుపోయాడు.

ఇక్కడితో ఆపితే మంచి కథ అవుతుంది. పిల్లలకు బడిలో చెప్పుకోవచ్చు. కానీ తరువాత జరిగింది కూడా నా లెక్కలో ఉంది. రేవులో ముళ్లకంప వేశారు. మా గాడిదలను చేను మేశాయని బందెలదొడ్డిలో పెట్టారు. నేను గంప పట్టుకుని వెళితే ఒక్కో తలుపూ, "దొర ఒద్దన్నడు బిడ్డా, ఏమనుకోకు" అని మూసుకుంది. వెనక నుంచి అరిచిన ఆ ముసలి గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆ ఇంటి తలుపు కూడా మూసుకుంది. పంతులును ఎటో బదిలీ చేశారు. ఆ ప్రకటన పంపించిన తాలూకా కచేరి నుంచి, మీ ఊళ్లో ఇది అమలవుతున్నదా అని అడగడానికి ఒక్క మనిషి రాలేదు. జెండా కర్రకు సున్నం వేయించారు. అది మాత్రం మరవలేదు.

నా కోపం అసలు దొర మీద కాదు. ఆయన సంగతి తెలిసిందే. అంత పెద్ద మాట కాగితం మీద రాసి, అచ్చేసి, ఊరూరా చదివించి, ఆ మాట నమ్మి నిలబడిన మనిషిని ఒంటరిగా వదిలేసినవాళ్ల మీద నా కోపం.

మేం మెదక్‌కు నడిచి వచ్చాం. బాన నాయిన నెత్తిన, తమ్ముడు అవ్వ చంకన, ఇస్త్రీపెట్టె నా చేతిలో. దూరంగా చర్చి శిఖరం కనబడుతూనే ఉంది, దారి మాత్రం తరగలేదు. నాయిన దారంతా గొణుగుతూనే ఉన్నాడు. చివరికి ఆగిపోయి అడిగాడు. "గా కాయిదం మనకోసం రాసిండ్రనుకున్నవా ఏందే? గది పండుగనాడు సదివెటందుకు రాసుకున్నరు."

అవ్వ తమ్ముణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది. "ఎందుకన్న రాసుకోనియ్యి. సదివిండ్రు గద. సదివినంక గది ఇన్నోళ్లది గూడ అయితది."

ఊరి మొదట్లో ఒక గోడ నీడన ఇస్త్రీపెట్టె దించాం. అవ్వ మెదక్‌లో ఎవరికీ ఊరికే బట్ట ఉతకలేదు, తహసీల్దారు ఇంటికి కూడా. నన్ను బడికి పంపింది. పెళ్లిచీర మీది మడమల మరకలను మొదటి రోజే ఉతికేసింది. ఆమె ఉతికితే పోని మరక లేదు.

రాస్తుండగానే సాయంత్రమైంది. కిటికీలోంచి చూస్తే ఇస్త్రీ బండి ఇంకా చెత్తకుండీ పక్కనే ఉంది. ఫొటోలు అయిపోయాయి, టెంటు విప్పేశారు, గేటు దగ్గర జాగా ఖాళీగా ఉంది. అయినా బండిని తెచ్చుకోమని ఆమెతో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. కానీ పొద్దున ఆ పిల్ల చదివినప్పుడు ఆమె ఇస్త్రీ ఆపి వినడం నేను చూశాను. మైకు పెట్టి మరీ వినిపించారు. చెత్తకుండీ దాకా వినబడింది.

చెప్పులు వేసుకుని కిందికి పోతున్నాను. బండికి అవతలి కొస నేను పట్టుకుంటాను.